మంగోలియా వాళ్ళని పేరు పెట్టి పిలవడం ఎలా? ఉద్దానం నుంచి వెళ్ళే మన కుర్రాళ్ళకి

మొన్న లక్ష్మివారం సాయంత్రం మా వీధి కుర్రాళ్ళు ముగ్గురు ఇంటికొచ్చారు. ఇద్దరు వెల్డర్లు, ఒకడు పైప్ ఫిట్టర్. మంగోలియా వీసాలు వచ్చాయి, సంక్రాంతి అయ్యాక ప్రయాణం. చలి గురించి అడిగారు, డబ్బు ఇంటికి పంపడం గురించి అడిగారు, అన్నం దొరుకుతుందా అని అడిగారు. అన్నిటికీ చెప్పాను. లేచి వెళ్ళబోతూ చిన్నవాడు గుమ్మం దగ్గర ఆగి, "మావయ్యా, ఆళ్ళ పేర్లు నోరు తిరగవంట కదా, ఏటి సేయాలి?" అన్నాడు.

ఆ ప్రశ్నకి గుమ్మంలో నిలబడి జవాబు చెప్పలేం. మళ్ళీ కూర్చోబెట్టాను. ఆ రాత్రి వాళ్ళకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. సోంపేట, కవిటి, కంచిలి వైపు నుంచి వెళ్ళేవాళ్ళు వీళ్ళు ముగ్గురే కాదు కదా.

నేను గోబీ ఎడారిలో, సైన్‌షాండ్ ఊరి దగ్గర ఒక సబ్ కాంట్రాక్టర్ కింద రెండేళ్ళు టైమ్‌కీపర్‌గా చేశాను. సైన్‌షాండ్ డోర్నోగోబి అనే రాష్ట్రానికి ముఖ్యపట్టణం. ఆ రాష్ట్రంలోనే మన దేశం ఇచ్చిన అప్పుతో ఒక రిఫైనరీ కడుతున్నారు. 2018 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. ఏడాదికి 15 లక్షల టన్నుల ముడి చమురు శుద్ధి చేసే లెక్కన వేశారు. మన వైపు పనివాళ్ళకి ఆ ఎడారి పేరు తెలిసింది అలాగే. ఇక టైమ్‌కీపర్ పనంటే పేర్ల పని. పొద్దున్న గేటు దగ్గర హాజరు, సాయంత్రం ఓవర్‌టైమ్, నెలాఖరున జీతాల షీటు. రోజూ నూరుకి పైగా పేర్లు నా చేత్తో రాసేవాణ్ణి, నా నోటితో పిలిచేవాణ్ణి.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. మీరు అది చెయ్యకపోతే సగం పని అయిపోయినట్టే.

రిజిస్టర్‌లో ఇంగ్లీషు పద్ధతిలో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులు ఉండేవి. కార్డు మీద ముందున్న మాటని ఫస్ట్ నేమ్‌లో, వెనక ఉన్న మాటని లాస్ట్ నేమ్‌లో రాసుకున్నాను. ఫస్ట్ నేమ్ అంటే పిలిచే పేరే కదా అనుకుని దాంతోనే పిలిచాను. మా దగ్గర ఒక క్రేన్ ఆపరేటర్ ఉండేవాడు, నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. పది రోజులు అతన్ని అలాగే పిలిచాను. పిలిచిన ప్రతిసారీ వచ్చేవాడు, సంతకం పెట్టేవాడు, తల వంచుకుని వెళ్ళిపోయేవాడు. పదకొండో రోజు దుబాసీగా చేసే అమ్మాయి నన్ను పక్కకి పిలిచి, "మీరు పిలుస్తున్నది అతని పేరు కాదు, వాళ్ళ నాన్న పేరు. ఆయన పోయిన చలికాలంలోనే చనిపోయాడు" అంది.

చచ్చిపోయిన తండ్రి పేరు పెట్టి రోజూ పొద్దున్నే కొడుకుని పదిమందిలో కేకేస్తే మన ఊళ్ళో ఎలా ఉంటుందో ఆలోచించండి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు అతని అసలు పేరు, దాని వెనక 'అఖ్' అనే మాట నేర్చుకుని వెళ్ళి పిలిచాను. అఖ్ అంటే అన్న. అతను ఆగి, నా భుజం మీద చెయ్యి వేసి, తన భాషలో ఏదో అన్నాడు. నాకు మాట అర్థం కాలేదు, మనసు అర్థమైంది. అదే వారం రిజిస్టర్ మొత్తం మళ్ళీ రాశాను.

ముందు నాన్న, వెనక మనిషి

గుర్తుపెట్టుకోవలసిన సూత్రం ఇది: వెనక ఉన్నదే మనిషి పేరు, ముందు ఉన్నది వాళ్ళ నాన్న పేరు. పిలవడానికి వెనకదే వాడాలి.

ఇంగ్లీషు ఫారం గుండా ఆలోచిస్తే తప్పు దారి పడతాం. తెలుగులోంచి తిన్నగా చూస్తే ఏ ఇబ్బందీ లేదు. మనం ఇంటిపేరు ముందు రాసి, మనిషి పేరు వెనక రాస్తాం. పిలిచేటప్పుడు వెనకదే పిలుస్తాం. వాళ్ళదీ అదే వరస. కాకపోతే మనకి ఇంటిపేరు ఉండే చోట వాళ్ళకి తండ్రి పేరు ఉంటుంది, అది కూడా 'యొక్క' అనే అర్థం వచ్చే తోకతో. డోర్జ్ అనే ఆయన కొడుకు బాట్ అనుకోండి, ఆ కొడుకు 'డోర్జీన్ బాట్' అవుతాడు. అంటే డోర్జ్ గారి బాట్. ఆ బాట్‌కి కొడుకు పుట్టి బోల్డ్ అని పెడితే వాడు 'బాటీన్ బోల్డ్'. బోల్డ్‌కి కూతురు పుట్టి తుయా అని పెడితే ఆ పిల్ల 'బోల్డీన్ తుయా'. తరం మారేసరికి ముందు మాట మారిపోతుంది. తాతకీ మనవడికీ ఒకే ముందు మాట ఉండదు. అందుకని ముందు మాట ఒకటే ఉంది, వీళ్ళంతా ఒకే కుటుంబం అని జీతాల షీటులో లెక్క కట్టకండి. ఆ పేరు గల తండ్రులు వేరువేరుగా ఎంతమందైనా ఉంటారు.

పెళ్ళయినా ఆడవాళ్ళ పేరు మారదు. భార్య ముందు ఆమె తండ్రి పేరే ఉంటుంది, భర్త ముందు అతని తండ్రి పేరు. భార్యాభర్తలు పక్కపక్కనే నిలబడి కార్డులు చూపిస్తే రెండు ముందు మాటలూ వేరుగా ఉంటాయి. మా ఆఫీసులో ఒక కొత్త గుమస్తా దాన్ని చూసి వీళ్ళకి పెళ్ళి కాలేదేమో అని అనుమానపడ్డాడు. అలాంటి మాట నోటి దాకా రానివ్వకండి. తండ్రి పేరు లేనిచోట తల్లి పేరు పెట్టుకున్నవాళ్ళు కూడా ఉంటారు. అదీ మామూలే, అడగాల్సిన విషయం కాదు.

వాళ్ళ దేశాధ్యక్షుల పేర్లు చూస్తే ఇది బాగా పట్టుబడుతుంది. త్సాఖియాగీన్ ఎల్‌బెగ్‌డోర్జ్, ఖాల్త్‌మాగీన్ బాట్తుల్గా, ఉఖ్నాగీన్ ఖురెల్‌సుఖ్. ముందు మాట చివర 'గీన్' వినిపిస్తోంది చూడండి, అదే 'యొక్క'. పత్రికలు అధ్యక్షుడు ఎల్‌బెగ్‌డోర్జ్ అని రాస్తే అది ఇంటిపేరు కాదు, ఆయన సొంత పేరు.

రోజువారీ కాగితాల్లో ముందు మాటకి ఒక్క అక్షరమే రాస్తారు, మనం ఇంటిపేరు పొడి అక్షరం రాసినట్టే. ఇక్కడ ఒక జాగ్రత్త. వాళ్ళ లిపిలో 'త్స', 'ఖ', 'చ', 'ష' ఒక్కొక్కటీ ఒకే అక్షరం. ఇంగ్లీషులోకి మార్చేసరికి రెండేసి అక్షరాలు పడతాయి. ఆ రెండింటినీ ఉంచాలి, ఒకటి కొట్టెయ్యకూడదు. చౌదరి ఇంటిపేరు ఉన్న మన అప్పారావు 'సిహెచ్. అప్పారావు' అని రాసుకుంటాడు కదా, 'సి. అప్పారావు' అని రాస్తే అది వేరే మనిషి. అచ్చం అలాగే. మా దగ్గర ఒకే పేరున్న ఇద్దరికి ఓవర్‌టైమ్ తారుమారైంది ఈ ఒక్క అక్షరం వల్లే.

పాస్‌పోర్టులో తండ్రి పేరు చివరి తోక ఉండకపోవచ్చు. సైటు కార్డులో 'డోర్జీన్' అని, పాస్‌పోర్టులో 'డోర్జ్' అని కనిపిస్తే ఇద్దరు మనుషులనుకుని టెన్షన్ పడకండి.

గుర్తింపు కార్డులో ఇంకో మూడో మాట కూడా కనిపిస్తుంది, దాన్ని 'ఓవొగ్' అంటారు. అది వంశం పేరు, నిజానికి మన ఇంటిపేరుకి దగ్గరిది ఇదే. 1925లో అప్పటి ప్రభుత్వం వంశనామాలు వాడకూడదని నిషేధించింది. అరవై డెబ్బై ఏళ్ళు గడిచేసరికి చాలా కుటుంబాలు తమ వంశం పేరే మరిచిపోయాయి. 1990ల తర్వాత మళ్ళీ పెట్టుకోమన్నప్పుడు, గుర్తున్నవాళ్ళు గుర్తున్నది రాయించారు. గుర్తులేని వాళ్ళలో చాలామంది చింగిస్ ఖాన్ వంశం పేరైన 'బోర్జిగిన్' రాయించుకున్నారు. 1981లో అంతరిక్షంలోకి వెళ్ళిన మొదటి మంగోలియా వాడు గుర్రగ్‌చా మాత్రం 'సన్సార్' అని పెట్టుకున్నాడు. ఆ మాటకి అంతరిక్షం, విశ్వం అని అర్థం. ఇంటిపేరు పోగొట్టుకుని మళ్ళీ వెతుక్కున్న జనం మీద నాకు ఎంతో గౌరవం కలిగింది. మన ఊళ్ళో ఇంటిపేరు లేని మనిషిని ఊహించగలమా? ఏదేమైనా ఓవొగ్ కాగితం మీద ఉండేది. దాంతో ఎవర్నీ పిలవరు.

పేరు వెనక గౌరవం

మనం 'గారు' పేరు వెనక పెడతాం. వాళ్ళూ వెనకే పెడతారు. ఆ మాట 'గువాయ్'. గారు, గువాయ్. మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. రెండు భాషలకీ చుట్టరికం ఉందని నేననను, కానీ ఉండే చోటు అదే, చేసే పని అదే. పెద్ద వయసువాళ్ళకి, హోదా ఉన్నవాళ్ళకి పేరు వెనక గువాయ్ చేర్చాలి. మీ సాటి కుర్రాడికి చేర్చకండి, వాడు ఇబ్బంది పడతాడు. మనమూ పాతికేళ్ళ తోటి వెల్డర్ని 'గారు' అనం కదా.

సైటులో మీకు గువాయ్ కన్నా ఎక్కువ పనికొచ్చేవి వరస మాటలు. మీకంటే నాలుగైదేళ్ళు పెద్దయిన మగవాళ్ళకి పేరు వెనక 'అఖ్', ఆడవాళ్ళకి 'ఎగ్చ్'. ఎగ్చ్ అంటే అక్క, మన వైపు అప్ప. పేరు తెలియకపోతే సాగదీసి 'అఖా', 'ఎగ్చే' అని పిలవచ్చు, ముక్కూ మొహం తెలియని మనిషినైనా సరే. చిన్నవాళ్ళని 'దూ' అంటారు, తమ్ముడికైనా చెల్లెలికైనా అదే మాట. పండు ముసలామె 'ఎమే', ముసలాయన 'ఓవో'. సంతలో ఎవరో తెలియని ముసలాయన్ని మనం 'తాతా' అని పలకరిస్తామే, ఆ అలవాటు అక్కడ అలాగే చెల్లుతుంది. గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాళ్ళు అందర్నీ 'సార్' అంటారు. మంగోలియాలో సార్ అంటే దూరం పెట్టినట్టు వినిపిస్తుంది, అఖ్ అంటే దగ్గరికి వస్తారు.

వృత్తిని బట్టి గౌరవం ఇంకొకటి. గురువుని 'బగ్ష్' అంటారు. మనం మేష్టారు అన్నట్టే పేరు వెనక చేరుస్తారు, లేదా ఒట్టిగా 'బగ్షా' అని పిలుస్తారు. బడి పంతులు మాత్రమే కాదు, ఏ పని నేర్పినా బగ్షే. క్రేన్ తిప్పడం నేర్పినవాణ్ణి కూడా కుర్రాళ్ళు బగ్షా అనేవారు. డాక్టరు 'ఎమ్చ్'. పై అధికారి 'దర్గ'. మన దర్గాకీ దీనికీ సంబంధం లేదు, కంగారు పడకండి. కాగితం మీద రాసే మర్యాద వేరు: ఉత్తరం మొదట్లో గౌరవనీయులైన అనడానికి 'ఖుందెత్', సభల్లో శ్రీ అనడానికి 'నోయోన్', శ్రీమతికి 'ఖతగ్‌తై'. ఇవి మీకు రోజూ అక్కర్లేదు, కాగితంలో కనిపిస్తే గుర్తుపడితే చాలు.

మీరు, నువ్వు తేడా వాళ్ళకీ ఉంది. 'త' అంటే మీరు, 'చి' అంటే నువ్వు. భాష రానివాళ్ళకి అన్నిటికన్నా క్షేమం 'త'. చిన్నవాణ్ణి త అంటే తప్పు కాదు, పెద్దాయన్ని చి అంటే తప్పు.

కొన్నాళ్ళు పోయాక వాళ్ళలో వాళ్ళు పూర్తి పేరు వాడటం లేదని గమనిస్తారు. ఒక ముక్క విరిచి, చివర సాగదీస్తారు. బాట్‌బయార్ బాటా అవుతాడు, ఎంఖ్‌తుయా తుయా అవుతుంది, సుఖ్‌బాతర్ సుఖే అవుతాడు, గన్‌బోల్డ్ గనా. మనం అప్పలనాయుడిని 'అప్పలా' అన్నట్టు. కానీ మనలో చిన్నపేరు పెద్దవాళ్ళకి వాడం. వాళ్ళు చిన్నపేరు వెనక అఖ్ చేర్చి పెద్దవాళ్ళని కూడా పిలుస్తారు, 'సుఖే అఖ్' అని. అందులో ప్రేమా ఉంది, మర్యాదా ఉంది. అయితే మీ అంతట మీరు మొదలుపెట్టకండి. వాళ్ళు మిమ్మల్ని అలా పిలవమన్న రోజు పిలవండి.

అర్థం తెలిస్తే నోరు తిరుగుతుంది

నోరు తిరగదన్న కుర్రాడికి నేను చెప్పిన అసలు కిటుకు ఇది. పేరుని ఒక్క ముద్దగా మింగకండి, ముక్కలు చెయ్యండి. పొడుగు పేర్లు చాలావరకు రెండు చిన్న మాటల కలయిక. ఇరవై పాతిక మాటలు వస్తే వందల పేర్లు విప్పుకోవచ్చు.

బాట్ అంటే గట్టిది, స్థిరమైనది. బోల్డ్ అన్నా గన్ అన్నా ఉక్కు. తొమొర్ ఇనుము. ఎంఖ్ శాంతి, బయార్ సంతోషం, జర్గల్ సుఖం, ముంఖ్ శాశ్వతం. నరన్ సూర్యుడు, సరన్ చంద్రుడు, తుయా కిరణం, గెరెల్ వెలుగు, త్సెత్సెగ్ పువ్వు, అల్తన్ బంగారం, ఒయున్ తెలివి. బాతర్ వీరుడు, సుఖ్ గొడ్డలి. ఇప్పుడు కలపండి. సరన్‌గెరెల్ వెన్నెల. నరన్‌త్సెత్సెగ్ పొద్దుతిరుగుడు పువ్వు. సుఖ్‌బాతర్ గొడ్డలి వీరుడు. అధ్యక్షుల్లో ఎంఖ్‌బయార్ అంటే శాంతి సంతోషం, ఖురెల్‌సుఖ్ అంటే కంచు గొడ్డలి, బాట్తుల్గా అంటే గట్టి పొయ్యి. తుల్గా అంటే గుండ్రటి డేరా ఇల్లు నడుమ నిప్పు మీద గిన్నె నిలిపే ఇనప కాళ్ళ పొయ్యి. ఇల్లు నిలబెట్టేది అదే. బిడ్డకి ఆ పేరు పెట్టిన తల్లిదండ్రుల ఆశ మన పల్లెటూరి మనిషికి వెంటనే తెలుస్తుంది. దేశ రాజధాని ఉలాన్‌బాతర్ పేరు కూడా ఇలాగే, ఎర్ర వీరుడు అని అర్థం. 1924లో పెట్టారు.

ఇంకో సగం పేర్లు బౌద్ధం వెంట వచ్చినవి. అక్కడ మనకి చెప్పలేనంత చుట్టరికం ఉంది. మన 'వజ్ర' వాళ్ళలో మూడు వేషాల్లో ఉంది. టిబెట్ మాట మీదుగా వచ్చి డోర్జ్ అయింది, మధ్య ఆసియా మీదుగా వచ్చి ఓచిర్ అయింది, సంస్కృతానికి దగ్గరగా ఉండి బజార్ అయింది. మూడూ మనుషుల పేర్లే. 1990లో అధ్యక్షుడైన ఓచిర్‌బాట్ పేరు దృఢమైన వజ్రం. 'రత్న' ఎర్దెనే అయింది. 'పద్మ' బదమ్ అయింది. 'ఆయుష్' ఆయూష్‌గానే ఉంది. 1635లో పుట్టిన మహాశిల్పి, మతగురువు జనబజార్ పేరు విప్పితే మన 'జ్ఞానవజ్ర'. ఆయన 1686లో చేసిన లిపి పేరు సొయొంబో, అంటే 'స్వయంభూ'. ఆ లిపిలో అదే పేరున్న గుర్తు ఈనాటికీ మంగోలియా జెండా మీద ఉంది. సైటు గేటు మీద రోజూ ఎగిరే ఆ జెండాని నేను ఏడాది పాటు ఊరికే చూశాను. ఆ మాట అర్థం తెలిసిన రోజు నుంచి వేరేగా చూశాను.

ఆడవాళ్ళ పేర్ల చివర 'మా' తరచుగా వస్తుంది: దుల్మా, బొలొర్మా. టిబెట్ భాషలో అది అమ్మే. మన నరసమ్మ, పైడమ్మ లాగా. దుల్మా అంటే తారాదేవి.

వారాల పేర్లు మన కుర్రాళ్ళకి బాగా నచ్చాయి. పుట్టిన వారాన్ని బట్టి పేరు పెట్టడం అక్కడ మామూలు. దవా సోమవారం, మ్యాగ్మర్ మంగళవారం, ల్ఖగ్వా బుధవారం, పురెవ్ మన లక్ష్మివారం, బాసన్ శుక్రవారం, బ్యాంబా శనివారం, న్యామ్ ఆదివారం. ఇవి టిబెట్ మాటలు, గ్రహాల వరస మాత్రం మనదే. దానికి 'సురెన్' చేర్చితే 'కాపాడబడినది' అని. దవాసురెన్ అంటే చంద్రుడు కాపాడే మనిషి. వీటికి సంస్కృతం నుంచి వెళ్ళిన జంట పేర్లు కూడా ఉన్నాయి, ఆదివారం నుంచి వరసగా: అదియా, సుమియా, అంగరగ్, బుద్, బర్ఖస్‌బది, సుగర్, సంచిర్. బర్ఖస్‌బదిని నెమ్మదిగా పలికి చూడండి, బృహస్పతి వినిపిస్తాడు. మన సోమయ్యలు, ఆదెయ్యలు, మంగమ్మలు అక్కడా ఉన్నారన్నమాట.

ఇక ఒక రకం పేర్ల దగ్గర చాలా జాగ్రత్తగా ఉండాలి. ఒకరోజు గేటు దగ్గర ఒక కార్డు మీద 'నెర్గుయ్' అని చూసి, దాని అర్థం 'పేరు లేదు' అని తెలిసి, పక్కనున్న మనవాళ్ళు నవ్వారు. నేను వాళ్ళని ఆపి, మన తవిటినాయుడు ఎవరో చెప్పమన్నాను. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు పుట్టిన పిల్లలు దక్కకపోతే, ఆ తర్వాత పుట్టినవాణ్ణి వేరేవాళ్ళ చేతిలో పెట్టి, చేటెడు తవుడు ఇచ్చి తిరిగి కొనుక్కుని తవిటయ్య, తవిటమ్మ అని పెట్టడం ఉంది. పెంటకుప్ప మీద దొర్లించి పెంటయ్య అని పెట్టడం ఉంది. ఇది విలువలేనిది, దీన్ని తీసుకుపోవద్దు అని చావుకి అబద్ధం చెప్పడం. అక్కడి తల్లులూ అదే అబద్ధం చెప్పారు. ఎనెబిష్ అంటే 'ఇది కాదు'. తెర్‌బిష్ అంటే 'అది కాదు'. ఖున్‌బిష్ అంటే 'మనిషి కాదు'. ఖెన్‌మెదెఖ్ అంటే 'ఎవరికి తెలుసు'. మూనొఖొయ్ అంటే 'చెడ్డ కుక్క'. ఆ పేరున్న మనిషి మీ ఎదురుగా నిలబడ్డాడంటే ఆ అబద్ధం ఫలించింది, బిడ్డ బతికాడు. ఆ పేరు పలికేటప్పుడు నవ్వకండి. నాకు మా పెద్దమ్మ కొడుకు తవుడు గుర్తొచ్చాడు. అతని ముందు ముగ్గురు పోయారు.

బిరుదులు: ఖాన్ ఇంటిపేరు కాదు

చింగిస్ ఖాన్ పేరు మీరు ఎలాగూ ఎత్తుతారు, అందుకని చెప్తున్నాను. ఆయన సొంత పేరు తెముజిన్. తండ్రి యెసుగెయ్ పట్టుకొచ్చిన ఒక తాతార్ తెగ నాయకుడి పేరు అది. 1206లో తెగలన్నీ కలిసి ఆయనకి చింగిస్ ఖాన్ అనే బిరుదు ఇచ్చాయి. ఖాన్ అంటే రాజు. మన ఊళ్ళో ఖాన్ పేరున్న ముస్లిం స్నేహితులు ఉన్నారు కాబట్టి అది మతం పేరు అనుకుంటాం, కానీ ఆయన ముస్లిం కాదు. రాణిని 'ఖతన్' అంటారు. అక్కడ ఆయన పేరు హేళనగా గానీ, దండయాత్రల మాటతో గానీ ఎత్తకండి. వాళ్ళకి ఆయన జాతిపిత.

'బాతర్' మాట మీరు ఇదివరకే విన్నారు. పాత రూపం బగతుర్. అది తుర్కిక్, మంగోలు జాతుల నుంచి పారసీకంలోకి వెళ్ళి, అక్కణ్ణుంచి మన దేశానికి బహదూర్‌గా వచ్చింది. విజయనగరం మహారాజుల బిరుదుల వరస చివర 'బహదూర్ గారు' అని ఉండేది. ఆ రెండు మాటల్లో మొదటిది గడ్డి మైదానాల నుంచి నడిచొచ్చింది, రెండోది మన ఇంట్లో పుట్టింది.

'దలై' కూడా మంగోలు మాటే, సముద్రం అని అర్థం. 1578లో అల్తన్ ఖాన్ అనే మంగోలు రాజు టిబెట్ గురువు సోనమ్ గ్యాత్సోకి ఆ బిరుదు ఇచ్చాడు. దలై లామా అన్న పిలుపు అలా వచ్చింది. 'బొగ్ద్' అంటే పవిత్రుడు. 1911లో దేశం చైనా నుంచి విడిపోయినప్పుడు రాజైన మతగురువు బొగ్ద్ ఖాన్. సైన్‌షాండ్ వెళ్ళేవాళ్ళు 'నోయోన్ ఖుతగ్త్' అనే బిరుదు తప్పక వింటారు. నోయోన్ అంటే ప్రభువు, ఖుతగ్త్ అంటే మళ్ళీ మళ్ళీ జన్మెత్తే మహాత్ముడు. ఐదో నోయోన్ ఖుతగ్త్ డంజన్‌రవ్‌జా, 1803 నుంచి 1856 వరకు బతికిన కవి. ఆయన నెలకొల్పిన ఖమరీన్ ఖీద్ మఠం ఊరికి దగ్గర్లోనే ఉంది. అక్కడికి తీసుకెళ్తామంటే సెలవు రోజు నిద్ర మానుకుని వెళ్ళండి. ఆయన్ని ఒట్టి పేరుతో అనకుండా బిరుదుతో అంటే, తీసుకెళ్ళినవాళ్ళ మొహం వెలుగుతుంది.

కుస్తీ బిరుదులు ఇప్పటికీ బతికున్నాయి, సైటులో మగవాళ్ళ కబుర్లన్నీ వాటి మీదే. జులైలో జరిగే నాదమ్ పండగలో 512 మంది దిగుతారు, ఓడినవాడు తప్పుకుంటాడు, తొమ్మిది రౌండ్లు. ఐదు గెలిస్తే నచిన్, అంటే డేగజాతి పక్షి. ఆరు గెలిస్తే ఖర్త్సగ, అదీ డేగే. ఏడుకి జాన్, ఏనుగు. ఎనిమిదికి గరిద్, ఇది మన గరుడుడే. తొమ్మిదీ గెలిస్తే అర్స్లన్, సింహం. సింహం మరోసారి గెలిస్తే 'అవర్గ', మహామల్లుడు. ఆ బిరుదు జీవితాంతం ఉంటుంది, పేరుతో కలిపే చెప్తారు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడిని 'కలియుగ భీమ' అనకుండా మన పెద్దవాళ్ళు తలుచుకోరు కదా. నేను ఆయన కథ దుబాసీ ద్వారా చెప్తే, ఇద్దరు ముసలి కాపలాదారులు భోజనం ఆపి విన్నారు.

పలకడం, అడగడం, మీ పేరు చెప్పడం

తెలుగువాడికి ఒక వరం ఉంది. త్సెత్సెగ్‌లో 'త్స' శబ్దం మన చాప, చుక్క, చొక్కాలో ఉన్న చ. దాన్నే పాత పుస్తకాల్లో ౘ అని రాసేవారు. చీమలో చ, చాపలో చ వేరని మనకి పుట్టుకతో తెలుసు. వాళ్ళకీ ఆ రెండూ వేరు. మా సైటులో ఉత్తరాది వాళ్ళు ఎంత కష్టపడినా 'సెసెగ్' అనేవారు. మీరు చుక్క అన్నంత సులువుగా అనగలరు. ఖ అని నేను రాసినచోట గొంతులోంచి హ పలకండి. ఇక మన బలహీనత ఒకటి, ప్రతి మాట చివరా అచ్చు తగిలించడం. బోల్డ్‌ని బోల్డు అనకండి, బాట్‌ని బాటు అనకండి. హల్లు దగ్గర నోరు మూసెయ్యండి.

పేరు అడగడానికి 'తనీ నెర్ ఖెన్ బే?' అంటారు. మాటకి మాట చూస్తే 'మీ పేరు ఎవరు?' అని. పేరు వస్తువు కాదు, మనిషి అన్నట్టు. పెద్దవాళ్ళ దగ్గర 'నెర్' బదులు 'అల్దర్' అనాలి, మన 'నామధేయం' లాగా. పెద్దవాళ్ళ పేరు ఊరికే నోట పలకడం అక్కడా మర్యాద కాదు. పాతరోజుల్లో కోడలు అత్తమామల పేర్లు ఎత్తేది కాదు, ఆ పేరులో ఉన్న మామూలు మాటని కూడా వేరే మాటతో చెప్పేది. మా అమ్మ బతికున్నన్నాళ్ళూ మా నాన్న పేరు పలకలేదు కాబట్టి ఇది నాకు ఎవరూ వివరించాల్సిన పని లేకపోయింది.

మీ పేరు చెప్పేటప్పుడు 'మినీ నెర్' అని మొదలుపెట్టి ఒక్క పేరే చెప్పండి, పొట్టిగా. ఇంటిపేరు కలిపితే, ముందున్నది మీ నాన్న పేరనుకుంటారు. మీ ఇంటిపేరు పైల అయితే, మీ నాన్న పేరు పైల అని వాళ్ళ రిజిస్టర్‌లో ఎక్కుతుంది. నాకు అదే జరిగింది. 'ఇది ఓవొగ్' అని ఒక్కమాట చెప్పండి, వెంటనే అర్థం చేసుకుంటారు. పైగా తరతరాలుగా ఒకే ఓవొగ్ మీ ఇంట్లో చెక్కుచెదరకుండా ఉందని తెలిస్తే, ఆ తర్వాత అరగంట సేపు మీ ఊరి గురించి అడుగుతారు.

వెళ్ళిన మొదటి రోజే ఒక చిన్న నోటుబుక్ కొనండి. ముందు నాన్న పొడి అక్షరం, తర్వాత మనిషి పేరు తెలుగులో, దాని పక్కన అర్థం, చివర అఖ్, ఎగ్చ్, దూ, గువాయ్‌లలో ఏది పెట్టాలో రాసుకోండి. వయసు తెలియకపోతే అడగొచ్చు, తప్పు పట్టరు.

ఆ రాత్రి కుర్రాళ్ళ దగ్గరున్న కాగితాల్లో అక్కడి ఆఫీసు వాళ్ళు పంపిన ఉత్తరం ఒకటి ఉంది. కింద సంతకం పక్కన పేరు. చిన్నవాణ్ణి చదవమన్నాను. వేలు పెట్టి పొడి అక్షరం దాటేశాడు, మిగిలిన మాటని రెండు ముక్కలు చేశాడు, ఒకటి శనివారం, ఒకటి వజ్రం అన్నాడు. తర్వాత రెండూ కలిపి, చివర హల్లు దగ్గర నోరు మూసి, "బ్యాంబడోర్జ్ గువాయ్" అన్నాడు.